యంత్రవాక్యము ఆప్తవాక్యమగునా?

రేపటి గాలివానను నేడే చెప్పగల యంత్రము కలదనినప్పుడు, ఆ చెప్పుట జ్ఞానమా, లేక దైవికముగా ఒప్పిన ఊహ మాత్రమా యను ప్రశ్న వేదశాస్త్రాధ్యయనమునకు పేరొందిన కోనసీమ అగ్రహారముల అరుగులపై పుట్టదగినదే. ఏలయన న్యాయదర్శనము అనుమాన ప్రమాణమును విచారించుచు గైకొన్న దృష్టాంతములలో పెక్కు వానకును వఱదకును సంబంధించినవి. మేఘములు క్రమ్మగా వాన రాగలదనుట కారణమునుండి కార్యమును గ్రహించుట. ఏఱు పొంగగా ఎగువ వాన కురిసినదనుట కార్యమునుండి కారణమును గ్రహించుట. చీమలు గ్రుడ్లు మోసికొని బారులు తీరగా వాన దగ్గఱపడినదనుట ఇంకొక తెఱగు. చీమ వానను కురిపింపదు, కురియని వాన చీమను కదలింపజాలదు. ఆ రెంటికిని సాహచర్యము మాత్రమే మనకు కనబడుచున్నది.

పూర్వపక్షి ఊరకుండలేదు. ఆనకట్ట వలనను ఏఱు నిండవచ్చును, పుట్ట చెదరినను చీమలు గ్రుడ్లు మోయవచ్చును, నెమిలి యున్నదని తెలుపు కూతను మనుష్యుడు అనుకరింపవచ్చును గదా, ఇట్టి అనుమానము ప్రమాణమెట్లగునని అతడడిగెను. దానికి సిద్ధాంతి చెప్పిన సమాధానము, 1852 లో ధవళేశ్వరమున కాటన్ దొర ఆనకట్ట పూర్తియైన నాటినుండి గోదావరిని చూచుచున్న లంకవాసులకు వేఱుగా బోధింపనక్కఱలేదు: కట్టబడి నిలిచిన నీరు వేఱు, వడి గలిగి, నురుగు గ్రక్కుచు, ఆకులను కట్టెలను ఈడ్చుకొని వచ్చు నీరు వేఱు. ఎఱ్ఱనీటిని చూచిన లంకరైతు పశువులను గట్టునకు తోలుటలో ఈ వివేకమే కలదు. దోషము అనుమానమునది కాదు, గుఱుతును సరిగా చూడనివానిది.

ఇక యంత్రముల మాట. వాయుగతిని సమీకరణములచే గణించి రాబోవు వాతావరణమును చెప్పవచ్చునని లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1922 లో గ్రంథము వ్రాసి, అందుకు 64,000 మంది గణకులు ఒక మహామందిరమున కూర్చుండవలెనని ఊహించెను. అది మేఘమునుండి వానకు పోవు మార్గమే, కారణమునుండి కార్యమునకు నడచు అనుమానమే. ఆ గణకుల పని నేడు సూపర్‌కంప్యూటర్లు చేయుచున్నవి. 1996 నవంబరు 6 వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుపాను కోనసీమను ఊడ్చివేసి వేయిమందికి పైగా ప్రాణములను హరించిన నాడు, ఢిల్లీలోని జాతీయ వాతావరణ సూచన కేంద్రమున ‘క్రే’ యంత్రముపై నడచిన నమూనాలో భూతలమును విభజించిన ఒక్కొక్క గడి దాదాపు 150 కిలోమీటర్ల వెడల్పు గలది. అట్టి గడి యొక్కదానిలో కోనసీమలు పది ఇముడును. 2025 మే నెలలో వెలసిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి 6 కిలోమీటర్లు. దానిని గణించు పూణే నగరపు ‘అర్క’ 11.77 పెటాఫ్లాపుల శక్తి గలది.

అయితే కృత్రిమ మేధ ఈ మార్గమున నడువదు. 2023 లో ప్రకటింపబడిన గ్రాఫ్‌కాస్ట్ అను నమూనాకు వాయుగతి సమీకరణములను ఎవరును నేర్పలేదు. 1979 మొదలు 2017 వఱకు గల వాతావరణ చరిత్రను దానికి చూపిరి. ఏ స్థితి వెంట ఏ స్థితి వచ్చినదో గ్రహించి, అది పది దినముల భవిష్యత్తును ఒక నిమిషములోపల చెప్పుచున్నది. ఇది చీమలబారును చూచి వానను చెప్పుట. సాహచర్యము ఎన్నిమారులు చూచినను నియతమని నమ్మరాదని చార్వాకుడు త్రోసిపుచ్చును. కార్యకారణ సంబంధమో తాదాత్మ్యమో లేనిదే వ్యాప్తి, అనగా నియతసంబంధము, లేదని బౌద్ధుడగు ధర్మకీర్తి నిర్బంధించును. నైయాయికుడు మాత్రము పలుమారులు చూచుటయను భూయోదర్శనమును అంగీకరించి, ఉపాధి, అనగా ఆ సంబంధమునకు మఱుగైయున్న నిబంధన, కలదేమో వెదకుమనును: నిప్పున్నచోటనెల్ల పొగ యుండదు, కట్టె తడిసియుండవలెను. నాకు ఈ పక్షమే ఉచితముగా తోచుచున్నది. గడచిన దశాబ్దముల సముద్రమును చూచి నేర్చిన వ్యాప్తి, అంతకంటె వేడెక్కిన రేపటి బంగాళాఖాతమున నిలుచునా యనునదియే ఇచటి తడికట్టె. ఇట్టి నమూనాలు తుపాను పోవు దారిని చక్కగా చెప్పుచు, దాని తీవ్రతను తఱచుగా తక్కువచేసి చెప్పుట శాస్త్రజ్ఞులు గుర్తించినదే. ఇంకొక విశేషము: అవి చదివిన ఆ చరిత్రయు కేవల ప్రత్యక్షము కాదు, పరిశీలనలను సమీకరణ నమూనాలతో కూర్చి సిద్ధపఱచినది. అనగా కారణమార్గము గురువుగా నుండగా సాహచర్యమార్గము శిష్యుడైనది. శిష్యుడు గురువును మించవచ్చును గాని, గురుకులమును మూసివేయరాదు.

ఇంతవఱకు జరిగినది అనుమాన విచారము. కాని వల వేయుటకు పోయిన బెస్తవాడు అనుమానము చేయడు, వినును. అతనికి తుపాను శబ్దప్రమాణముచే తెలియవలెను. శబ్దము ప్రమాణమగుటకు పలికినవాడు ఆప్తుడు కావలెను. ఆప్తుడు ఋషియే కానక్కఱలేదు, ఆర్యుడైనను మ్లేచ్ఛుడైనను చాలునని న్యాయభాష్యకారుడగు వాత్స్యాయనుని ఉదారమైన తీర్పు. అయినను ఆప్తత్వమునకు ఆయన మూడు గుణములను చెప్పెను: విషయమును సాక్షాత్తుగ తెలిసియుండుట, భూతదయ, ఉన్నదున్నట్లు తెలియజెప్పవలెనను కోరిక. ఈ రెండవదానివద్ద నేను ఎన్నిమారులైనను ఆగుదును. దయను ఆయన నీతిశాస్త్రమునకు విడిచిపెట్టక జ్ఞానమీమాంసలోపల, ప్రమాణ లక్షణముగా నిలిపెను. దయలేని నోట వచ్చిన సత్యమునకు వినువాడు చెవియొగ్గుటకు ఆధారము లేదు.

1996 లో వేటకు పోయిన బలుసుతిప్ప, భైరవపాలెముల మత్స్యకారులలో ఎందఱో తిరిగిరాలేదు. సముద్రముపై నున్నవారికి మాట చేర్చు సాధనములు నాడు మిక్కిలి తక్కువ. గడి ఆఱు కిలోమీటర్లదైయుండినను ఆ పడవలకు ఆ గణన శబ్దప్రమాణము కాకపోయెడిది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురము సమీపమున తీరము దాటునప్పటికి, దినముల ముందే వేటను నిషేధించి, తీరగ్రామముల ప్రజలను పునరావాస కేంద్రములకు చేర్చిరి. ఈ భేదమున గణనశక్తికి గొప్ప పాలు కలదు, కాదనను. కాని ఇల్లిల్లు తిరిగి, కదలనొల్లని ముసలివారిని బ్రతిమాలి తోడుకొనిపోయిన ఉద్యోగుల దయ లేనిచో ఆ లెక్క లెక్కగానే మిగిలియుండును.

పంచాంగమును నమ్ముచున్నాము గదా, అదియు గణితమే గదా, యంత్రముపట్ల మాత్రము ఈ పట్టు ఏలయని అడుగవచ్చును. పంచాంగముపై సిద్ధాంతి పేరుండును. గ్రహణము తప్పినచో జనులు అతని గుమ్మమునకే పోవుదురు. యంత్రమునకు గుమ్మము లేదు. తప్పుడు హెచ్చరికచే వేట పోగొట్టుకొన్న బెస్తవానికిని, రాని హెచ్చరికచే బిడ్డను పోగొట్టుకొన్న తల్లికిని ఎదుట నిలిచి బదులు చెప్పువాడొకడు ఆ వాక్యము వెనుక ఉండవలెను. నమూనా ఎంత నేర్పరియైనను, దాని ఫలితమును చదివి, ఉపాధిని శంకించి, తన పేరున పలుకు శాస్త్రజ్ఞుని ఆ స్థానమునుండి తొలగింపగూడదని నా దృఢాభిప్రాయము.