నిలువలేని కుక్కపిల్ల

కుక్కపిల్ల పుట్టిన రెండు వారములకు కన్నులు తెరచును. మూడవ వారమునకు తడబడుచునైనను నాలుగు కాళ్లపై నిలుచును. ఒక్కొక్క ఈతలో ఒక పిల్ల మాత్రము నిలువలేదు. కాళ్లు ప్రక్కలకు చాచి, రొమ్ము నేలకానించి, తాబేలు నీటిలో ఈదినట్లు కొట్టుకొనుచుండును. పశువైద్యులు దీనికి 'స్విమ్మర్', అనగా ఈదునది, అని పేరిడిరి. ప్రసవమునకును ఈదుటకును మన భాషలో ఈత యను నొక్క మాటయే యుండుట వింత.

ఇట్టి పిల్లను ఏమి చేయవలెను? "అవిటిది, దాని కర్మము, బాధ లేకుండ ముగించుటయే దయ" యని పెద్దలు సైతము పలుకుదురు. దయ యను మాట ఇంత త్వరగా నోటికి వచ్చినచో దానిని కొంచెము శంకించుట మంచిదని మా యభిప్రాయము.

ఏలయన, ఈ లోపమునకు కారణములు ఇంకను పూర్తిగా తేలకపోయినను, చికిత్స తెలిసినదే. నున్నని గచ్చుపై లేతపాదమునకు పట్టు దొరకదు. కావున ముందుగా గోనెపట్టయో ముతక గుడ్డయో పరువవలెను. విడివడిపోవు వెనుక కాళ్లను, వాని సహజమైన యెడము తప్పకుండ, 8 అంకె ఆకారమున మెత్తని అంటుపట్టీతో కలిపి కట్టవలెను. పిల్ల దినదినము పెరుగును గనుక కట్టును తరచుగా మార్చకున్న రక్తప్రసారమునకు అడ్డు కలుగును. దినమునకు 4 లేక 5 మార్లు, మారునకు 10 నిముషములు, కీళ్లను మెల్లగా ముడిచి చాచి, కండరములను మర్దింపవలెను. గోరువెచ్చని నీటిలో గడ్డము క్రింద చేయి యుంచి కాళ్లాడింపజేయుటయు కలదు. ఎల్లప్పుడు బోర్లపడి యుండనీయక ప్రక్కకు పరుండబెట్టవలెను. లేనిచో మెత్తని రొమ్ముటెముకలు అణగి శ్వాసకే మోసము వచ్చును. మూత్రముతో తడిసిన చర్మమును తుడిచి ఆరబెట్టవలెను, మితిమీరి లావెక్కనీయరాదు. మూడు నాలుగు వారముల వయసుననే ఆరంభించినచో పెక్కు పిల్లలు కొన్ని వారములలో లేచి నడచును.

ఇందు ఖరీదైన మందేదియు లేదు. ఓపిక కావలెను. జాలిపడి కన్నీరు కార్చుట క్షణము పని. అర్ధరాత్రి లేచి తడిగుడ్డ మార్చుటయే కష్టము. "మనుష్యుల బిడ్డలు పస్తులుండగా కుక్కకు సేవయా?" యని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని ఆ 40, 50 నిముషములు మిగిలిననాడు మనము ఏ బిడ్డ యాకలి తీర్చుచున్నాము?

అంతకంటె బలమైన మాట యొకటి కలదు. రాజపాళయమున తరతరములుగా స్థిరపడిన మన తెలుగువారికి ఆ యూరి పేరు గల తెల్లని వేటకుక్క సుపరిచితము. 2005లో తపాలాబిళ్లపైకి కూడ ఎక్కినది. పరుగు కొరకు పెంచిన జాతి గనుక దానికి పొడుగు కాళ్లు. డాక్స్‌హుండ్, బాసెట్ హౌండ్ జాతులను పొట్టికాళ్లకై, బుల్‌డాగును వెడల్పు రొమ్మునకై మనుష్యులే ఏరి యేరి పెంచిరి. ఈ లోపము అట్టి జాతులలోనే హెచ్చుగా కనబడును. ఆకారము మన యిచ్చ, అవస్థ మాత్రము దాని కర్మమా? అప్పు తీర్చుచు దానికి దానమని పేరు పెట్టుకొనరాదు.

కుక్కను విడిచి స్వర్గమునకు రానన్న ధర్మరాజును మనము తరచుగా తలతుము. భారతకథ మొదటనున్న సరమను అంతగా తలపము. జనమేజయుని తమ్ములు యాగభూమియందు కుక్కపిల్లయగు సారమేయుని నిష్కారణముగా కొట్టగా, దాని తల్లి సరమ రాజు నెదుటికే వచ్చి నిలదీసినది. నన్నయ్య దానిని తెలుగున చెప్పినాడు. సరమ కనికరము వేడలేదు. నా బిడ్డ చేసిన తప్పేమని అడిగినది.

ఎంత పాటుపడినను లేవని పిల్లలుండును. రొమ్ము పూర్తిగా అణగి ఊపిరాడక తల్లడిల్లుదానికి పశువైద్యుడు పరీక్షించి విముక్తి కలిగించుటను మేము పాపమనజాలము. ఆ తీర్పు మూడవ వారముననే, ఒక గోనెపట్టయైనను పరువక మునుపే చెప్పుటకే మా యభ్యంతరము. నేడు మన యిండ్లలో నున్నని పలకల నేలలు హెచ్చినవి గనుక ఈ మాట చెప్పవలసివచ్చినది. కట్టు విప్పిన పిదప పిల్ల ఒకటి రెండడుగులు వేసి కూలబడును, మరల లేచును. అప్పటికిని గోనెపట్టను తీయరాదు.