ఉభయకుశలోపరి

పాతకాలం ఉత్తరాలు ఈ మాటతోనే మొదలయ్యేవి. ఇక్కడ నేను క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమే అనుకుంటాను, ఇక సంగతికొస్తాను అని దానర్థం. మస్కట్ రాకముందు మా ఆయన పదహారేళ్ళు సైన్యంలో ఉన్నారు. ఆయన ఉత్తరాల మీద ఊరి పేరుండేది కాదు, 56 ఏ.పీ.ఓ. అని మాత్రం ఉండేది. ఆ అంకె వెనక మంచుకొండ ఉందో ఎడారి ఉందో నాకు తెలిసేది కాదు. ఆయన క్షేమమని రాస్తే నేను నమ్మాలి, నేను రాస్తే ఆయన నమ్మాలి. సరిచూసుకునే దారి ఇద్దరికీ లేదు.

మరి ఆ మాటని నిజం చేసే బాధ్యత ఎవరిది?

ఒంట్లో బాగున్నా లేకపోయినా "మేమంతా కులాసా, మీరు దిగులు పెట్టుకోవద్దు" అని రాయడం సిపాయి భార్య ధర్మమని మా అత్తగారి తరం అనుకుంది. సరిహద్దులో నిలబడ్డ మనిషి మనసు చెదరకూడదు, నిజమే. కానీ ఆ తరం ఇంకో మెలిక కూడా పెట్టింది. ఆయనక్కడ చలిలో వణుకుతుంటే నువ్విక్కడ కడుపునిండా తిని, పేరంటాలకెళ్ళి నవ్వుతూ తిరగడమేమిటి అని. అంటే ఉత్తరంలో క్షేమంగా ఉండాలి, ఇంట్లో మాత్రం ఉండకూడదు!

మన ఆడవాళ్ళ పాటల్లో ఊర్మిళాదేవి నిద్ర ఉంది. అడవిలో లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు కునుకు లేకుండా కాపలా కాస్తే, ఇక్కడ ఊర్మిళ ఆ పద్నాలుగేళ్ళూ నిద్రపోతుంది. దాన్ని త్యాగమని మెచ్చుకుంటూ పెరిగాం. ఆ తర్వాత జరిగేది ఎవరూ అంతగా పట్టించుకోరు. తిరిగొచ్చిన భర్త గదిలోకి అడుగుపెడితే, ఎవరో పరాయి మగవాడనుకుని ఆవిడ హడలిపోతుంది. బతుకుని ఆపేసుకుని ఎదురుచూస్తే అంతే. సైనికుడు ఎవరి కోసం సెలవు రోజులు లెక్కపెట్టుకుంటాడో, ఆ మనిషే అక్కడ మిగలదు.

పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరమంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటినుంచీ ఆ ఊరి మగవాళ్ళు పటాలాల్లో చేరుతున్నారు. దాని గురించి రాసేవాళ్ళు ఎందరు వెళ్ళారో, ఎందరు తిరిగిరాలేదో చెబుతారు. మగదిక్కు లేని ఇళ్ళలో కౌలు లెక్కలు ఎవరు చూశారో, పురుటి నొప్పులొస్తే బండి ఎవరు కట్టించారో రాయరు. ఇక్కడ రువిలోని బైత్ అల్ ఫలజ్ కోట 1988 నుంచీ సాయుధ దళాల మ్యూజియం. 1965లో మొదలైన ధోఫార్ యుద్ధం సంగతులు అక్కడ చూడవచ్చు. సుల్తాను సైన్యంలో సముద్రం అవతలి బలూచీలు చాలామంది ఉండేవారు. గ్వాదర్ 1958 దాకా ఒమన్‌దే కదా. వాళ్ళ భార్యలు ఆ ఒడ్డున ఎలా గడిపారో నేను తిరిగిన గదుల్లో ఎక్కడా కనబడలేదు. (మా ఆయనకి తుపాకులు చూడటంతోనే సరిపోయింది.)

మస్కట్‌లో నాకు తెలిసిన మనవాళ్ళలో చాలామందిది ఇదే బతుకు, యూనిఫాం ఒక్కటే లేదు. కుటుంబాన్ని తెచ్చుకునేంత జీతం లేక భార్యాబిడ్డల్ని నిజామాబాద్‌లోనో కడపలోనో వదిలి వచ్చారు. ఇళ్ళలో పనికి గోదావరి జిల్లాల నుంచి వచ్చిన ఆడవాళ్ళకైతే, ఊళ్ళో మిగిలి ఎదురుచూసేది మగాడు. ఇప్పుడు ముఖాలు కనపడే ఫోన్లున్నాయి. అయినా కళ్ళకింద నలుపు తెలియకుండా దీపానికి వీపు పెట్టి కూర్చునే మనిషిని నేను చూశాను.

నా పద్ధతి చెబుతాను. జ్వరమొస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళేదాన్ని, తగ్గాకే ఇన్‌లాండ్ లెటర్ తీసేదాన్ని. క్షేమమని రాయాలంటే క్షేమంగా ఉండాలిగా! ఆయన జీతంలోంచి నా మందులకి, నా పుస్తకాలకి ఖర్చుపెట్టడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. సైనికుల భార్యల కోసం 1966 నుంచీ 'ఆవా' అనే సంఘం ఉంది. కంటోన్మెంటులో ఉన్నప్పుడు ఆ సమావేశాలకి వెళ్ళేదాన్ని. అక్కడ విన్న ఉపన్యాసాలు గుర్తులేవు గానీ, టీ తాగుతూ ఒక పంజాబీ ఆవిడ "నాకూ రాత్రుళ్ళు నిద్ర పట్టదు" అనడం గుర్తుంది. ఆ రాత్రి నేను హాయిగా పడుకున్నాను.

మందుతో తగ్గనివి మాత్రం ఉంటాయి. కార్గిల్ యుద్ధం జరిగిన 1999 వేసవిలో "పిల్లలు బాగున్నారు, నేను వేళకి తింటున్నాను, భయంగా ఉంది" అని మూడూ ఒకే వరసలో రాశాను. మూడోది రాయకుండా ఉండాల్సిందని అత్తయ్య ఇప్పటికీ అంటారు. అది కొట్టేస్తే మొదటి రెండు ఆయన ఎలా నమ్ముతారని నేనంటాను. ఆ ఉత్తరం ఎలాంటి రోజున అందిందో ఆయన మాత్రం చెప్పలేదు. సర్వీసు కాగితాలతో పాటు దాన్ని మస్కట్ దాకా తెచ్చుకున్నారు.