గురి ఎంత దూరానికి?

వంటింట్లో గరిటె తిప్పే మనకు తుపాకి గొడవేమిటి అనకండి. మన చిత్తూరు సీమలోని చామల లోయ పులి కథను కెన్నెత్ ఆండర్సన్ తన 1954 నాటి పుస్తకంలో చెప్పాడు. ఆయన చేతిది .405 వించెస్టర్. అంత బరువు గుండు దూరం పోయేకొద్దీ కిందికి దిగిపోతుంది. అందుకే ముందుగా ఒక దూరానికి, వంద గజాలనుకోండి, గురి సరిచూసుకోవాలి. పులి అంతకు మరీ దూరంగా కనబడితే? వదిలెయ్యాలి. తగిలీ తగలని గుండుతో కుంటిదైన పులి జింకను పట్టలేక, కట్టెలకొచ్చిన ఆడమనిషిని పట్టవచ్చు.

1972 చట్టంతో వేట పోయింది, మన మాటలు పోలేదు. నిరుడు మా ఆడబిడ్డ మీద ఇక్కడినించే ఓ మాట విసిరాను. నాలుగు నోళ్లు దాటేసరికి అది ఎక్కడికో దిగజారింది. ఆవిడ నన్నేమీ అనలేదు, ఇంట్లో కోడల్ని పట్టుకుంది!

ఇప్పుడు ఎదురుగా కూర్చుని అనగలిగిందే అంటున్నాను. తక్కింది వదిలేస్తున్నాను.