ముందు కాళ్ల సంగతి చూడు బిడ్డా

ఇటు రా బిడ్డా, ఆ బ్యాగు కింద పెట్టి ఒక్క నిమిషం కూర్చో. టెన్నిస్‌లో సర్వీసు గట్టిగా పడడం లేదని జిమ్ముకు పోతున్నావట. పోవద్దనను. కానీ అక్కడికి పోయి నువ్వు చేస్తున్నదేమిటి? అద్దం ముందు నిలబడి డంబెల్స్ ఎత్తడం, కండ చూసుకోవడం. ఆ కండతో ఫోటో బాగా వస్తుందేమో గానీ సర్వీసు రాదు.

రాకెట్ బరువెంత? 300 గ్రాములు, కాస్త అటూ ఇటూ. బంతి 60 గ్రాములు కూడా ఉండదు. ఇంత తేలికైన వాటికి అంత లావు చెయ్యి ఎందుకు చెప్పు? సర్వీసులో ఉండే బలంలో సగం పైచిలుకు కాళ్లలో, తుంటిలో, నడుములోనే పుడుతుందని ఆటగాళ్ల కదలికలను కొలిచినవాళ్లు ఎప్పుడో తేల్చారు. మోకాళ్లు వంచి నేలను తొక్కితే ఆ ఊపు తుంటికి, నడుముకు, భుజానికి, చివరికి మణికట్టుకు చేరుతుంది. కింద పుట్టనిది పైకి ఎక్కడి నుంచి వస్తుంది? ఆ లోటంతా భుజం ఒక్కటే మొయ్యాలి. ఎన్నాళ్లు మోస్తుంది?

అయినా పాలమూరు బిడ్డకు ఇది నేను చెప్పాలా? మనవాళ్లు ఎన్ని డ్యాములకు, ఎన్ని కాలువలకు మట్టి మోశారో. గంప ఎత్తేటప్పుడు వాళ్లను చూడు. వీపు నిటారుగా ఉంటుంది, మోకాళ్లు వంగుతాయి, లేపేది తొడలు. చేతులు పట్టుకుంటాయి, అంతే. నీ సర్వీసూ అంతే.

అందుకే ముందు బస్కీలు. పాతకాలపు పని అని నవ్వకు, జిమ్ములో స్క్వాట్ అంటే అదే. ఏ బరువూ లేకుండా మొదలుపెట్టు. మడమ లేవకుండా, మోకాలు లోపలికి వాలకుండా 10 తీసి, ఆగి, మళ్లీ 10. అవి కుదిరాక లంజెస్, అంటే అడుగు వేసి మోకాలు వంచడం, ముందుకే కాదు, పక్కకూ. టెన్నిస్‌లో పక్కకు ఉరికి, ఒంటికాలి మీద ఆగి, మళ్లీ వెనక్కి మళ్లాలి కదా, ఒక్కో కాలికీ విడిగా బలం కావాలి. నడుముకు ప్లాంక్, అంటే మోచేతుల మీద ఒంటిని నిటారుగా ఆపడం. మెడిసిన్ బాల్ అనే బరువైన బంతి దొరికితే నడుము తిప్పి గోడకు విసురు. కుడివైపు ఎన్నిసార్లో ఎడమవైపూ అన్నిసార్లే. ఆట నిన్ను ఒక పక్కకే లాగుతుంది, సరిచేసుకోవాల్సింది నువ్వు.

బంతి కొట్టాక విసురుగా పోయే చేతిని ఆపేవి భుజం వెనకాల ఉండే చిన్న కండరాలు. వాటిని ఎవరూ పట్టించుకోరు, అద్దంలో కనబడవు మరి! రబ్బరు బ్యాండును కిటికీ ఊచకు కట్టి, మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, ముంజేతిని బయటికి లాగు. నిదానంగా లాగు, ఇంకా నిదానంగా వదులు.

ఈ నిదానం దగ్గరే నీకూ నాకూ పేచీ. కండరం కొన్ని వారాల్లో బలపడుతుంది. దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకు నెలలు పడుతుంది. కండ వచ్చిందని నువ్వు బరువు పెంచుతావు, స్నాయువు ఇంకా సిద్ధంగా ఉండదు. వారానికి రెండు మూడు రోజులు చాలు, మధ్యలో ఒక రోజు ఒంటిని వదిలెయ్యి.

సానియా మీర్జానే చూడు. 2005లో హైదరాబాద్ ఓపెన్ గెలిచింది, 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా పోయింది. 2008లో మణికట్టు దెబ్బతింది. మోకాళ్లకూ ఆపరేషన్లయ్యాయి. చివరికి సింగిల్స్ వదిలేసి డబుల్స్‌నే నమ్ముకుంది, 2015లో ప్రపంచంలో ఒకటో ర్యాంకుకు చేరింది. అంతటి ఆటగత్తె కూడా ఒళ్లు చెప్పిన మాట వినింది. 2018 అక్టోబరులో కొడుకు పుట్టాక 26 కిలోలు తగ్గి, 2020 జనవరిలో హోబార్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. మధ్యలో ఏడాది పైనే గడిచింది. నువ్వేమో నెల తిరక్కుండానే సర్వీసు మారలేదని మొహం వేలాడేస్తున్నావు.

ఇంకోటి. ఏదో పొడి డబ్బా కొనమని నాన్నను సతాయిస్తున్నావట. ఇంట్లో జొన్నరొట్టె, పప్పు, పల్లీలు, గుడ్లు ఉండగా అది దేనికి? ముందు ఇవి కడుపునిండా తిను, రాత్రి ఫోను పక్కన పెట్టి పడుకో. ఎండాకాలం పొద్దెక్కాక ఆడకు. ఆడి వచ్చాక ఉప్పేసిన మజ్జిగ తాగు.

భుజం కలుక్కుమంటే అమ్మ దగ్గర దాచకు. ఆట మాన్పిస్తుందని నీ భయం, తెలుసు. దాచి దాచి ముదరబెట్టుకుంటే ఆట దానంతటదే మానుతుంది, అప్పుడు అమ్మను అనడానికీ ఉండదు.

సరే లే, ఇక్కడే పది బస్కీలు తియ్యి. మోకాళ్లు ఎటు వాలుతున్నాయో నేను చూస్తా.