ఆఖరి మూట

మెక్సికో సిటీలో లా మెర్సెద్ అని ఒక పాత మార్కెట్ ఉంది. 1982లో సెంత్రాల్ దె అబాస్తో అనే పెద్ద టోకు మార్కెట్ తెరిచేదాకా నగరానికి కావలసిన కూరగాయలు, పళ్లు, ఎండుమిరప ఎక్కువగా ఇక్కడే దిగేవి. ఇది ఆ కాలం కథ.

ఆ మార్కెట్లో ఉల్లిపాయల టోకు వ్యాపారి ఒకడుండేవాడు. కూలి ఎగ్గొట్టే మనిషి కాడు, తూకంలో మోసం చేసేవాడూ కాడు. అయినా వెనకాల అందరూ అతన్ని ‘పెసాదో’ అనేవారు. స్పానిష్‌లో ఆ మాటకు బరువైనది అని అర్థం. మూటనీ అలాగే అంటారు, అరగని తిండినీ అంటారు, ఎంత పిలిచినా మెలకువ రాని నిద్రనీ అంటారు. ప్రాణం తోడేసే మనిషిని విసుక్కోవడానికీ ఆ మాటే. చెప్పిందే చెప్పి, ఎదుటివాడు తప్పించుకోలేక నవ్వుతూ నిలబడితే అది తన గొప్పే అనుకునే రకం. ఈయన ఆ కోవలోవాడు.

ఆయన దగ్గర మూటలు మోయడానికి పల్లె నుంచి ఒక కుర్రాడొచ్చాడు. అప్పట్లో కూలీలు మెకపాల్‌తో మోసేవారు. నారతో అల్లిన వెడల్పాటి పట్టీ అది. దాన్ని నుదుటికి తగిలించుకుని, రెండు కొసల తాళ్లనూ వీపు మీది మూట కింద నుంచి బిగిస్తారు. మోతంతా నుదుటి మీద, మెడ మీద పడుతుంది. స్పెయిన్ వాళ్లు రాకముందు, మోతకు గుర్రమూ ఎద్దూ లేని ఆ దేశంలో సరుకంతా ఇలాగే మనిషి వీపు మీద నడిచింది. త్లామెమె అనే కూలీలు రెండు అర్రోబాలు, అంటే సుమారు 23 కిలోలు, మోసుకుని ఐదు లీగుల దూరం నడిచేవారని స్పెయిన్ దండయాత్రలో పాల్గొన్న సైనికుడు బెర్నాల్ దియాస్ రాశాడు. లా మెర్సెద్ కూలీలకు అంత తక్కువ బరువు ఎవరూ ఎత్తేవారు కాదు.

మెకపాల్ తగిలించుకున్నవాడి తల వంగే ఉంటుంది. కాళ్ల ముందు కాస్త నేల తప్ప ఏమీ కనిపించదు. అందుకే ‘ఆయి వా ఎల్ గోల్పె’ అని కేకేస్తూ నడిచేవారు. దెబ్బ తగిలేను, తప్పుకోండి అని.

వ్యాపారికి ఈ కుర్రాడితో ఒక వేడుక. రోజూ ఆఖరి మూటలో, ఉల్లిపాయల మధ్య ఒక బండరాయి పెట్టించి మూతి కుట్టించేవాడు. కుర్రాడు దాన్నెత్తుకుని తూలుతుంటే పక్క కొట్లవాళ్లతో కలిసి నవ్వేవాడు. ఇలాంటి వేళాకోళాన్ని అక్కడ ‘బ్రోమా పెసాదా’, అంటే బరువైన హాస్యం, అంటారు. కుర్రాడు మూట దించి వెళ్లాక గుమస్తా రాయి తీసి దాచేవాడు.

కుర్రాడికి ఈ సంగతి తెలియదు. పొద్దుటి నుంచి మోసీ మోసీ అలసిపోవడం వల్ల ఆఖరిది అలా అనిపిస్తోందనుకున్నాడు. తక్కిన కూలీలు అలా తూలడం లేదని గమనించాక, లోపం తన ఒంట్లోనే ఉందనుకున్నాడు. ఊరికి రాయించిన ఉత్తరంలో ‘నేనింకా గట్టిపడాలమ్మా’ అన్నాడు.

ఆ ఏడు వానల్లో వ్యాపారి తల్లి పోయింది. రాత్రంతా శవపేటిక చుట్టూ కొవ్వొత్తులు, వచ్చినవాళ్లకు కాఫీ, రొట్టె. అందరూ ‘పెసమె’ చెప్పారు. ‘నాకు బరువుగా ఉంది’ అనే మాటే స్పానిష్‌లో పరామర్శకు పేరైంది. నీ దుఃఖం నా మీద కూడా పడింది అని చెప్పడం. మార్కెట్ పెద్దలు ఆ మాట చెప్పి, చెయ్యి పట్టుకుని వదిలి, కుర్చీల్లో కూర్చుని ఉల్లి ధర మాట్లాడుకున్నారు.

తెల్లవారాక పేటిక ఎత్తారు. కొడుకు కాబట్టి ముందు భుజం వ్యాపారిదే. జన్మలో ఒక్క మూట ఎత్తి ఎరగని భుజం అది. పది అడుగులు వేసేసరికి కాళ్లు వణికాయి. వెనక నుంచి కుర్రాడొచ్చి ఆయన పక్కన భుజం పెట్టాడు.

“ఇంత బరువేంట్రా!” అన్నాడు వ్యాపారి.

“ఆఖరి మోత కదా, అయ్యగారూ. ఆఖరిది ఎప్పుడూ ఇంతే. నాకూ రోజూ ఇలాగే ఉంటుంది. మెల్లగా నడవండి, నేను పట్టుకున్నాను.”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉండుంటే ఆయన తట్టుకునేవాడేమో. శ్మశానం దాకా మళ్లీ నోరు విప్పలేదు.

తొమ్మిది రోజుల ప్రార్థనలయ్యాక కొట్టు తెరిచారు. సాయంత్రం గుమస్తా అలవాటుగా రాయి తెచ్చాడు. వ్యాపారి దాన్ని లాక్కుని, కుర్రాణ్ణి పిలిచి, పక్క కొట్లవాళ్లందరి ముందూ జరిగింది చెప్పాడు. కుర్రాడు చాలాసేపు ఆ రాయి వంక చూశాడు.

“అయితే నా ఒంట్లో సత్తువకు లోటేం లేదన్నమాట” అన్నాడు.

నీతి: మోపేవాడికి బరువు తెలియదు. మోసేవాడు దాన్ని తన లోపమనుకుంటాడు.

ఇందులో రెండో మాటే నాకు పెద్దదిగా కనిపిస్తుంది. మెడనొప్పి కొన్నాళ్లకు తగ్గుతుంది. నాలో సత్తువ లేదు అనే నమ్మకం మాత్రం మనిషిని ఏళ్ల తరబడి తినేస్తుంది. క్లాసులో అందరూ పేరు పెట్టి ఏడిపించిన పిల్ల తన ముఖమే బాగోలేదనుకుంటుంది. ఆఫీసులో నలుగురిలో నవ్వులపాలైన కుర్రాడు తనకే కలుపుగోలుతనం లేదనుకుంటాడు. కొత్త కోడలు తనకే ఓపిక చాలదనుకుంటుంది. నిలదీస్తే మన దగ్గరొక జవాబు సిద్ధంగా ఉంటుంది: “సరదాకన్నాను, ఆమాత్రం తీసుకోలేవా?” ఈ ఒక్క మాటతో తప్పు మళ్లీ మోసినవాడిదే అవుతుంది.

కుర్రాడు క్షమించాడా అని అడిగేవాళ్లుంటారు. అతను క్షమించాడో లేదో కథకు అక్కర్లేదు. అతనికి రావలసింది నిజం. అది నలుగురి మధ్య నవ్విన చోటే, నలుగురి మధ్య అతనికి అందింది. చాటుగా పిలిచి చేతిలో నాలుగు పెసోలు పెట్టి ఉంటే తనలో లోటేం లేదన్న మాట అతని నోటి వెంట వచ్చేది కాదు.

మూటకు కొలత ఉంది. మగ కూలీతో 55 కిలోలకు మించి మోయించకుండా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. వేళాకోళానికి ఏ చట్టమూ తూకం పెట్టలేదు. కాబట్టి ఆ తూకం మనమే అడిగి తెలుసుకోవాలి. మీ కింద పనిచేసేవాళ్లను, మీ ఇంటి పిల్లలను, మీ మాటకు ఎప్పుడూ నవ్వి ఊరుకునేవాళ్లను ఒకసారి కూర్చోబెట్టి అడగండి, నా మాట నీకెప్పుడైనా కష్టం కలిగించిందా అని. వాళ్లు చెబుతున్నంతసేపూ అడ్డు చెప్పకుండా వినండి.