ఇతరుల ప్రాణాలతో తవక్కులా?

అల్లాహ్‌పై భారం వేయటం (తవక్కుల్) విశ్వాసి లక్షణం. ఇందులో ఎవరికీ సందేహం లేదు. అయితే నా తవక్కుల్ కోసం పక్కవాని ప్రాణాన్ని ప్రమాదంలోకి నెట్టే హక్కు నాకుందా? ఈ ప్రశ్న నాకు మసీదులోనో మదర్సాలోనో కాదు, లేహ్ విమానాశ్రయంలో ఎదురైంది.

అది లద్దాఖ్ కొండల నడుమ, సముద్రమట్టానికి సుమారు 10,700 అడుగుల ఎత్తున ఉంది. అంత ఎత్తులో గాలి పలుచన. విమానం రెక్కలకు ఆధారం ఆ గాలే. ఎండ ముదిరేకొద్దీ అది మరింత పలచబడుతుంది. మధ్యాహ్నం లోయలో ఈదురుగాలులు లేస్తాయి. అందుకే అక్కడ విమానాలు ఎక్కువగా ఉదయం పూటే నడుస్తాయి. 2024 జూలై చివరలో కేవలం ఎండవేడిమి కారణంగా అనేక విమానాలు రద్దయ్యాయి. మన కర్నూలు వాళ్ళకు ఈ మాట చెబితే నవ్వుతారు!

ఓ వేసవిలో పని మీద అక్కడ ఉండగా, అబ్బాజాన్ కన్నుమూశారని రాత్రి కబురు వచ్చింది. ఉదయం విమానం దొరికితే ఇషాకు కర్నూలు చేరగలను. జనాజాను అప్పటిదాకా ఆపారు. తీరా విమానం ఢిల్లీ నుంచే ఆలస్యంగా వచ్చింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా ఇంత వేడిలో, ఇంత బరువుతో లేవటం క్షేమం కాదనీ, రేపు ఉదయమే బయలుదేరుతామనీ పైలట్ చెప్పాడు. జనం మండిపడ్డారు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. "చావు రాసి ఉంటే ఇంట్లోనూ వస్తుంది. దేవుని మీద భారం వేసి పోనివ్వండి" అన్నాను. అతను నా వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఆ మాట వినటానికి ఈమాన్‌తో నిండినట్టే ఉంటుంది. కాని ప్రతి మరణానికీ ఘడియ నిర్ణీతమై ఉందన్నది సాకుగా చెల్లితే, పొరపాటున జరిగిన హత్యకు కూడా షరీఅత్ రక్తపరిహారం (దియత్), ప్రాయశ్చిత్తం (కఫ్ఫారా) ఎందుకు విధించినట్టు? ఘడియ అల్లాహ్‌కు తెలుసు. మనల్ని అడిగేది మన చేత గురించి.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి సర్గ్ వద్దకు చేరినప్పుడు, అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. ముహాజిర్లనూ, అన్సార్లనూ, ఖురైష్ పెద్దలనూ సంప్రదించి, వెనుదిరగాలని నిశ్చయించారు. దైవనిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించారు. ఒక దైవనిర్ణయం నుంచి మరో దైవనిర్ణయం వైపుకే వెళుతున్నామని ఉమర్ (రజి) జవాబిచ్చారు. లోయకు ఒకవైపు పచ్చిక, మరోవైపు బీడు ఉంటే, ఒంటెల్ని ఎటు మేపినా అది దైవనిర్ణయమే కదా అని పోలిక చెప్పారు. ప్లేగు ఉన్న చోటికి వెళ్ళరాదనీ, ఉన్నచోటు వదిలి పారిపోరాదనీ దైవప్రవక్త (సఅసం) బోధించినట్టు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆ తర్వాత వచ్చి తెలిపారు.

అబూ ఉబైదా (రజి) అక్కడే తన సైన్యంతో ఉండిపోయి, ఆ ప్లేగులోనే మరణించారు. ఆయనది తవక్కుల్ కాదని ఎవరనగలరు? ఉమర్ (రజి)ది కూడా తవక్కులే. కాకపోతే ఉమర్ (రజి) వెంట ఉన్నవారి ప్రాణాలు ఆయన చేతిలో అమానతు. ఆ పైలట్ చేతిలోనూ అంతే. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌ను నమ్ముకోమన్న హదీసు మనకు కంఠస్థమే. పరాయి ఒంటె తాడు విప్పమని మనమే ఒత్తిడి చేస్తున్నామని మాత్రం ఆ వేళ తోచదు. నాకూ తోచలేదు, సాయంత్రం దాకా.

తమ్ముడు ఫోన్ చేసి, "భాయిజాన్, రేపటిదాకా ఆపమంటారా?" అని అడిగాడు. జనాజా విషయంలో తొందరపడమని ప్రవక్త (సఅసం) ఆదేశం. "వద్దు, నాకోసం ఆగకండి" అన్నాను. ఆ నాలుగు మాటలు అనటానికి చాలాసేపు పట్టింది.

మరునాడు రాత్రి ఖబ్రస్తాన్‌కు చేరాను. మట్టి ఇంకా తడిగానే ఉంది. అబ్బాజాన్ మన్నింపు కోసం దుఆ చేశాను. ఆ పైలట్ మేలు కూడా కోరాలనిపించింది. పేరు తెలియదు. నేను కసిరిన ఆ మనిషి అని మాత్రమే అనగలిగాను.