కంచుఫలకముపై నున్న పేరు ఎవరి సొత్తు?



పరుల యింటి మృతునికి చెందిన స్మారకచిహ్నమును ధనమిచ్చి కొనవచ్చునా? కొన్నచో దానిపై మనకెంత హక్కు గలదు? వినుటకిది చిన్న ప్రశ్నవలె తోచును. ఒక ఫలకము నా చేతికి వచ్చువరకు నేనును అట్లే తలచితిని.

ఆ వస్తువేదో ముందుగా చెప్పవలెను. 1914లో ఆరంభమైన మొదటి ప్రపంచయుద్ధములో బ్రిటిషు సామ్రాజ్యము పక్షమున మరణించినవారి కుటుంబములకు ఒక్కొక్క కంచుఫలకము పంపవలెనని ఆ ప్రభుత్వము నిశ్చయించెను. 1917లో నమూనాకై పోటీ పెట్టగా లివర్‌పూల్ నగరపు శిల్పి ఎడ్వర్డ్ కార్టర్ ప్రెస్టన్ గెలుపొందెను. ఫలకము గుండ్రనిది; అడ్డకొలత సుమారు 12 సెంటీమీటర్లు. దానిపై ఆకుల దండను చాచి పట్టుకొనిన బ్రిటానియా దేవి, ఆమె చెంత సింహము, సముద్రబలమునకు గుర్తుగా రెండు డాల్ఫినులు ఉండును. అంచు చుట్టును "అతడు స్వేచ్ఛకై, గౌరవమునకై మరణించెను" అను అర్థము గల ఆంగ్లవాక్యము గలదు. దండ క్రింద చిన్న చట్రములో మృతుని పేరు ఉబ్బెత్తు అక్షరములతో నుండును. ఇట్టివి 13 లక్షలకు పైగా పోతపోసిరి. వానిలో స్త్రీల పేర్లు గలవి సుమారు 600. చూచుటకు పెన్నీ నాణెమువలె నున్నందున ఆంగ్లేయ ప్రజలే దీనిని "చచ్చినవాని పెన్నీ" అని చేదుగా పిలిచిరి.

ఇందులో ఒక గొప్ప భావము గలదు. పేరు ప్రక్కన హోదా వ్రాయలేదు. సేనాధిపతికైనను, సిపాయికైనను పేరు మాత్రమే. మరణమునందు అందరును సమానులని దాని అర్థము.

కాలక్రమమున ఆ తల్లులు, భార్యలు గతించిరి. ఇండ్లు మారినవి. ఫలకములు అంగళ్లకు వచ్చినవి. నేడు వానిని ప్రోగుచేయువారు అనేకులు గలరు. వారిలో రెండు తెగలు. మొదటి తెగవారు ఫలకము చేతికి రాగానే పాత జనాభా లెక్కలు, సైన్యపు దస్తరములు వెదకి, ఆ పేరు గలవాడు ఎచట పుట్టెను, ఎచట పడిపోయెను, ఎవరిని విడిచిపోయెను అని కనుగొని వ్రాసిపెట్టుదురు. వారసులు కనబడినచో తిరిగి యిచ్చువారును గలరు. ఇది పుణ్యకార్యమే. రెండవ తెగవారికి ధర యొక్కటే ముఖ్యము. 1916 జూలై 1న, సొమ్ము నదీయుద్ధపు మొదటి దినమున, మరణించినవాని ఫలకమునకు వెల హెచ్చు. జ్వరముతో ఆసుపత్రిలో పోయినవాని ఫలకమునకు తక్కువ. ప్రభుత్వము సమానముగా పోసిన కంచును అంగడి మరల హెచ్చుతగ్గులు చేసినది.

ఇక నా సంగతి. ఖతర్ దేశపు ఉత్తరాగ్రమున నున్న అల్ రువైస్‌లో నేను ఉపాధ్యాయ వృత్తి చేయుచున్నాను. ఒకనాడు దోహాలో పాతవస్తువుల అంగడికి పోగా, కాఫీ కూజాల నడుమ ఈ ఫలకమొకటి కనబడెను. చట్రములో ఒకే పేరు. ఇంటిపేరు లేదు. అక్షరములు ఆంగ్లమైనను పేరు నిస్సందేహముగా మనది. అది మా తాతగారి తమ్ముని పేరు.

మా తాతగారు గిరిమిటు ఒడంబడికపై నాటాలుకు వచ్చిరి. ఆయన తమ్ముడు ఊరిలోనే నిలిచెను. పిమ్మట "ఫౌజుకు పోయెను" అని ఒక్క జాబు వచ్చినదట. ఆ తరువాత ఏ వార్తయు లేదు. ఈ రెండు వాక్యములే మా యింట ఆయన చరిత్ర.

ఫలకమును కొని ఆ రాత్రియే డర్బనులో నున్న మా అక్కయ్యకు ఫోను చేసితిని. ఆమె చాలసేపు ఏడ్చినది. "చినతాత ఇంటికి వచ్చెనురా తమ్ముడూ! తాతగారి పటము క్రింద పెట్టుదము, తీసికొని రా" అన్నది. నేను సందేహించితిని. ఆమె అడిగిన మాట నేటికిని నా చెవిలో నున్నది: "మనదని చెప్పుకొన్నచో ఎవరికి నష్టము? వచ్చి అడుగువారెవరున్నారు?"

ఈ వ్యాసమంతయు ఆ ప్రశ్నకు నేను వెదకుకొనిన సమాధానమే.

అల్ రువైస్ రేవున నిలిచి పడమర చూచినచో కంటికి కానరాని దూరమున బహ్రెయిన్ దీవి గలదు. 1914 అక్టోబరు 16న బొంబాయి నుండి బయలుదేరిన భారతీయ దళములు 23న అచటికి చేరి ఓడలలోనే వేచియుండెను. నవంబరు 6న ఫావ్ వద్ద దిగి బస్రా వైపు సాగెను. తరువాతి సంవత్సరములలో మన మదరాసు శాపర్లును ఆ మెసపొటేమియా రంగమున పనిచేసిరి. వారిలో తెలుగువారును గలరు. ఆ యుద్ధమునుండి తిరిగిరాని భారతీయులు సుమారు 74,000 మంది.

బస్రాలో ఒక స్మారకము గలదు. సమాధి యెచటనో తెలియని 40,000 మందికి పైగా సైనికుల కొరకు దానిని నిర్మించిరి. 1997లో దానిని ఊరి వెలుపలి ఎడారిలోనికి మార్చిరి. ఆ రాతిపై బ్రిటిషు సైనికుల పేర్లును, భారతీయ అధికారుల పేర్లును చెక్కబడినవి. భారతీయ సిపాయిలకు మాత్రము పటాలము పేరు క్రింద, మరి యింతమంది సైనికులు అని అంకె వేసిరి. 2021లో కామన్‌వెల్త్ యుద్ధసమాధుల సంఘము తన పాత పద్ధతులను తానే విచారించి క్షమాపణ చెప్పినది. 45,000 మొదలు 54,000 మంది వరకు అసమానముగా స్మరింపబడిరనియు, కనీసము 1,16,000 మంది, బహుశః 3,50,000 మంది వరకు, పేరుతో స్మరింపబడలేదనియో, అసలే స్మరింపబడలేదనియో ఆ నివేదిక ఒప్పుకొన్నది. మన దక్షిణాఫ్రికాలోను, కూలిదళములలో మరణించిన నల్లజాతి సోదరులు 1,700 మందికి పైగా పేర్లు కేప్‌టౌన్‌లో నిలుచుటకు 2025 జనవరి రావలసివచ్చెను.

ఈ అంకెల బాధ మనకు క్రొత్త కాదు. 1860 నుండి 1911 వరకు నాటాలుకు వచ్చిన 1,52,184 మందికిని అంకెలే యిచ్చిరి. 1899లో గాంధీగారు నడపిన గాయపడినవారి సేవాదళములో 1,100 మంది యుండగా, వారిలో సుమారు 300 మంది స్వతంత్రులు, తక్కినవారు గిరిమిటు కూలీలు. యుద్ధపతకములు నాయకులకు వచ్చినవి. డోలీ మోసిన కూలి కేమియు రాలేదు.

అయినను ఒక విచిత్రము చూడుడు. అప్పలస్వామి అపలసామి యైనను, నాయుడు నైడూ యైనను, ఆ అవమానకరమైన అంకెయే నేడు మనకు దారి చూపుచున్నది. ఓడపట్టీలో అంకె ప్రక్కన పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామము, జిల్లా గలవు. దాని మూలముననే మనలో అనేకులు పూర్వుల యూరు కనుగొనిరి. బస్రా రాతిపై అంకె గలదు, పేరు లేదు. నా ఫలకముపై పేరు గలదు, అంకె లేదు, ఊరు లేదు, తండ్రి లేడు. హోదా వ్రాయకుండుట ఆంగ్లేయునికి సమానత్వమైనది. అతనికి ఇంటిపేరును, చర్చి పుస్తకమును గలవు. ఊరూర వినబడు ఒంటిపేరు గల సిపాయికి అదే మరుగైనది. ఒకే నియమము ఇరువురకును ఒకే న్యాయము చేయదని నేను ఈ ఫలకమువలన నేర్చితిని.

కావున ఇది చినతాతగారిదని నేను చెప్పలేను. కాదని కూడ చెప్పలేను. అట్టి స్థితిలో ప్రేమకొలది మనదని చెప్పుకొనవచ్చునా?

మహాభారతమున స్త్రీపర్వము దీనికి వెలుగు చూపును. యుద్ధానంతరము ధర్మరాజు తనవారికి మాత్రమే గాక, దూరదేశములనుండి వచ్చి దిక్కులేక పడియున్నవారికిని దహనసంస్కారము చేయించెను. వారు తన బంధువులని ఆయన చెప్పుకొనలేదు. బంధువులు కానందుననే ఆ కార్యము ధర్మమైనది. అటుపిమ్మట గంగాతీరమున, జలమిచ్చువేళ, కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని కుంతి బయటపెట్టెను. ఆ సత్యము ఆమెకు ఎంత సిగ్గు, కుమారునికి ఎంత దుఃఖము కలిగించెనో మన మెరుగుదుము. కుంతి చెప్పినది తనకు బాధ కలిగించు నిజము. మేము చెప్పదలచినది మాకు సుఖము నిచ్చు అబద్ధము కావచ్చును. నిజముగా ఆ సిపాయి మరియొక యింటివాడైనచో, ఎచటనో ఒక కుటుంబము అతనికొరకు నేటికిని వెదకుచుండవచ్చును. వచ్చి అడుగలేనివాని సొత్తును తీసికొనుటకు మనము మరింత వెనుదీయవలెను. అక్కయ్య ప్రశ్నకు నా జవాబు ఇదే.

అట్లయిన కొన్నవాని పని యేమి? నా మట్టుకు నేను మూడు నియమములు పెట్టుకొంటిని. లాభమునకు అమ్మరాదు. వెదకుట మానరాదు. తెలిసినదెంతయో, తెలియనిదెంతయో ఒక కాగితముపై వ్రాసి ఫలకముతోకూడ ఉంచవలెను. నేను ఇత్తడి కంచుల వెలయే చెల్లించితిని. అతని మరణమును కొనలేదు. నేను కాపలాదారును మాత్రమే.

మాఘ శుద్ధ అష్టమినాడు సంతానములేని భీష్మునికి తర్పణ మిచ్చుట మన ఆచారము. ఆయన వంశమువారే ఈయవలెనను నియమము లేదు. ఈ సంవత్సరము ఆ యుదయమున అల్ రువైస్ తీరమున నీట నిలిచి, భీష్ముని పిదప, ఫలకముపై నున్న పేరు పలికి నీరు విడిచితిని. చినతాత అని పిలువలేదు. గోత్రము చెప్పలేదు. పేరు మాత్రమే చెప్పితిని. అక్కయ్య ఇంకను పూర్తిగా సమ్మతింపలేదు. ఆమె దుఃఖమును నేను తప్పుపట్టను.

ఆ పేరును ఇచట ముద్రింపకుండుటకు కారణము గలదు. ముద్రించినచో ప్రేమవలన పది యిండ్లవారు తమదే యందురు. అందువలన నా ప్రార్థన వేరు. మీ యిండ్లలో "ఫౌజుకు పోయెను" అను మాటతో ఆగిపోయిన కథ యున్నచో, ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడపట్టీలోని మీ పూర్వుని అంకె వ్రాసి దేవాలయమున అందజేయుడు. పశ్చిమగోదావరి జిల్లా మాధవరము గ్రామమువారు అనేకులు సైన్యమునకు పోవుట చేతనే దానికి మిలిటరీ మాధవరమని పేరు వచ్చినది; యుద్ధమునకు పోయిన తమవారిని వారు నేటికిని తలచుకొనుచున్నారు. మనమును ఒక పుస్తకము తెరువవచ్చును. నా ఫలకము ఎవరిదో తేలకపోవచ్చును. మీరు వ్రాసిన పేర్లు మాత్రము అంకెలుగా మిగులవు.

సెలవులలో ఇంటికి వచ్చునపుడు ఫలకమును నా వెంట తెచ్చెదను. అక్కయ్య చేతికే మొదట ఇచ్చెదను. ఆమె దానిని తాతగారి పటము క్రింద ఒక రాత్రి ఉంచుకొన్నను అతిథివలె ఉంచుకొనుమని వేడెదను.

శుభమ్.